చిన్నారుల శుక్ల శస్త్రచికిత్స, కృత్రిమ కటకం: తదనంతరం చూపులో కలిగే మార్పులు

(ప్రత్యేక వ్యాసం: పాత్రికేయుల, అధికారుల సమాచార నిమిత్తం)

మెదక్ జిల్లా పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి గ్రామ పరిధిలో మంజీరా నది ఏడు పాయలుగా చీలి ప్రవహించే చోట వనదుర్గా భవాని అమ్మవారు వెలసిన ఏడుపాయల పుణ్యక్షేత్రం కలదు. మహాశివరాత్రి సందర్భంగా జరిగే జాతరకు తెలంగాణ జిల్లాల నుండియే గాక కర్ణాటక, మహారాష్ట్రల నుండి కూడా భక్తులు పెద్ద సంఖ్యలో తరలివస్తారు. చంటిబిడ్డలు, తల్లులు, అవ్వతాతలు ఇంతమంది ఒకేచోట చేరే సందర్భం ఈ ప్రాంతంలో అరుదు. ఇటువంటి కుటుంబాలలో బహుకొద్ది మందికి మాత్రమే ఎదురయ్యే ఒక సమస్యను ఈ వ్యాసంలో వివరించడమైనది. కంటిలో శుక్లంతో పుట్టిన, లేదా బాల్యంలోనే శుక్లం ఏర్పడిన పిల్లలకు హైదరాబాదులో శస్త్రచికిత్స జరిపి కృత్రిమ కటకం అమర్చిన తరువాత, ఆ బిడ్డ ఇల్లు చేరిన మీదట, చూపులో వచ్చే మార్పులే ఆ సమస్య.

పెద్దలకు జరిగే శుక్ల శస్త్రచికిత్సను గురించి ప్రజలలో మంచి అవగాహన ఉన్నది. అవ్వకు ఆపరేషన్ జరిగింది, మరునాడు కట్టు విప్పారు, నెల తిరిగేసరికి కళ్లద్దాలు వచ్చాయి, పని ముగిసింది. పిల్లల విషయంలోనూ ఇదే క్రమం ఉంటుందని తల్లిదండ్రులు, ఒక్కొక్కప్పుడు క్షేత్రస్థాయి సిబ్బంది సైతం భావించడమే ఇక్కడి చిక్కులకు మూలం. పిల్లలలో శస్త్రచికిత్స మొదటి మెట్టు మాత్రమే. ఆ తరువాత పది పన్నెండేళ్ల పాటు కంటి పవరు మారుతూనే ఉంటుంది. ఆ మార్పును ముందే లెక్కగట్టి వైద్యులు కటకాన్ని ఎంపిక చేస్తారు. అందుచేత కళ్లద్దాలు మారినంత మాత్రాన శస్త్రచికిత్స విఫలమైనదని భావించరాదు.

ఎందుకు మారుతుంది?

పుట్టిన బిడ్డ కన్ను ముందు నుండి వెనుకకు సుమారు 16.8 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పెద్దయ్యేసరికి ఇది సుమారు 23.6 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఈ పెరుగుదలలో అధిక భాగం మొదటి రెండేళ్లలోనే జరుగుతుంది. సహజమైన కంటిలో ఈ పెరుగుదలకు తగినట్లు మిగిలిన భాగాలు సర్దుకుంటాయి. కార్నియా శక్తి పుట్టినప్పుడు సుమారు 51 డయాప్టర్లు ఉండి 43 డయాప్టర్ల ప్రాంతానికి తగ్గుతుంది. సహజ కటకం శక్తి 34 డయాప్టర్ల నుండి 19 డయాప్టర్ల సమీపానికి దిగుతుంది. కన్ను పొడవు పెరుగుతున్నా వెలుగు రెటీనా మీదనే పడటానికి కారణం ఈ సర్దుబాటే.

శుక్లం పట్టిన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకం అమర్చినప్పుడు ఈ సర్దుబాటులో ఒక భాగం నిలిచిపోతుంది. కృత్రిమ కటకం పెరగదు, తరగదు, దాని శక్తి మారదు. కన్ను మాత్రం దాని చుట్టూ పెరుగుతూ పోతుంది. కన్ను ఒక మిల్లీమీటరు పెరిగితే చూపు రెండున్నర నుండి మూడు డయాప్టర్ల మేరకు మైనస్ వైపు జరుగుతుంది. చిన్న కన్నులో ఇది మరింత ఎక్కువ. దీనినే వైద్యులు హ్రస్వదృష్టి వైపు మార్పు అని వ్యవహరిస్తారు.

ఇది తెలిసినదే కనుక, శస్త్రచికిత్స నాడు కావాలనే కంటిని కొంత ప్లస్ పవరులో ఉంచుతారు. వయస్సును బట్టి ఎంత ఉంచాలన్న దానికి పలు పద్ధతులున్నవి. విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక లెక్క ప్రకారం ఏడాది బిడ్డకు ప్లస్ 6, రెండేళ్లకు ప్లస్ 5, మూడేళ్లకు ప్లస్ 4, ఇట్లు ఏటా ఒకటి చొప్పున తగ్గించుకుంటూ ఏడేళ్లకు సున్నా లక్ష్యంగా పెట్టుకుంటారు. అనగా రెండేళ్ల పాపకు శస్త్రచికిత్స జరిగితే మొదట దళసరి ప్లస్ కళ్లద్దాలు, తరువాత క్రమంగా పలుచనివి, బడి వయస్సు నడుమ దాదాపు పవరు లేని స్థితి, ఆపైన మైనస్ కళ్లద్దాలు రావడం ఊహించిన క్రమమే. అయితే ప్రతి బిడ్డ కన్ను ఒకే వేగంతో పెరగదు. లెక్క తప్పడమూ జరుగుతుంది. మైనస్ పవరు మితిమీరినప్పుడు కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు సరిపోతాయి. లోపలి కటకాన్ని మార్చవలసి రావడం అరుదు.

మరొక విషయం. సహజ కటకం దూరం, దగ్గర చూపులకు అనుగుణంగా ఆకారం మార్చుకుంటుంది. సాధారణ కృత్రిమ కటకానికి ఆ శక్తి లేదు. నలభై దాటిన పెద్దలకు వచ్చే చత్వారం వంటి స్థితి ఈ పిల్లలకు శస్త్రచికిత్స నాటి నుండే ఉంటుంది. చంటిబిడ్డ ప్రపంచమంతా చేతికి అందే దూరంలోనే ఉంటుంది గనుక మొదట దగ్గరి చూపుకు సరిపోయే అద్దాలు, నడక, ఆట పెరిగిన తరువాత సుమారు మూడు నాలుగేళ్లకు బైఫోకల్ అద్దాలు ఇస్తారు. తరగతి గదిలో బైఫోకల్ పెట్టుకున్న చిన్నపిల్లను చూసి వింతగా మాట్లాడటం, అద్దాలు తీసి పెట్టమనడం చాలా చోట్ల జరుగుతున్నదే. ఉపాధ్యాయులకు ఒక్క మాట ముందుగా చెబితే ఈ ఇబ్బంది తప్పుతుంది.

కటకం ఎప్పుడు అమర్చాలి?

కృత్రిమ కటకం చరిత్ర 1949లో లండన్‌లో సర్ హెరాల్డ్ రిడ్లీతో ఆరంభమైనది. పెద్దలలో అది సర్వసాధారణమైన తరువాత కూడా పసిపిల్లలలో దాని వాడకంపై దశాబ్దాల తరబడి చర్చ జరిగింది. ఈ చర్చకు ఆధారపడదగిన సమాధానం అమెరికాలోని 12 కేంద్రాలలో, ఒక కంటిలో పుట్టుశుక్లం ఉన్న 114 మంది శిశువులపై జరిగిన అధ్యయనం వలన లభించింది. ఒకటి నుండి ఏడు నెలల లోపు వయస్సులో శస్త్రచికిత్స జరిగిన వీరిలో సగం మందికి కటకం అమర్చగా, మిగిలిన సగం మందికి కాంటాక్ట్ లెన్సులు ఇచ్చారు. నాలుగున్నరేళ్ల వయస్సులో చూపు పరీక్షించినప్పుడు రెండు వర్గాల నడుమ తేడా కనిపించలేదు. కానీ ఐదేళ్లలోపు మరల కంటి లోపల శస్త్రచికిత్స అవసరమైన వారు కటకం వర్గంలో 72 శాతం కాగా, రెండవ వర్గంలో 21 శాతం మాత్రమే. ఈ ఫలితాలు 2014లో వెలువడినవి. ఆ మీదట ఆరేడు నెలల లోపు శిశువులకు వెంటనే కటకం అమర్చకుండా, కాంటాక్ట్ లెన్సులు లేదా కళ్లద్దాలతో పెంచి, తరువాత అమర్చడం మేలన్న అభిప్రాయం బలపడింది. రెండేళ్లు దాటిన పిల్లలకు కటకం అమర్చడం సాధారణ పద్ధతి. నడుమ వయస్సులో వైద్యుని నిర్ణయం ప్రధానం.

మన గ్రామీణ ప్రాంతాలలో ఈ నిర్ణయం అంత సులువు కాదన్నది కూడా గుర్తించవలసి ఉన్నది. కాంటాక్ట్ లెన్సును తీసి, కడిగి, పెట్టడానికి శుభ్రమైన నీరు, చేతులు, ఓపిక కావాలి. పోయిన లెన్సును వెంటనే తిరిగి కొనగలగాలి. పొలం పనికి వెళ్లే తల్లికి అది కష్టసాధ్యం. కావున అమెరికా ఫలితాన్ని యథాతథంగా ఇక్కడ అన్వయించక, కుటుంబ పరిస్థితిని కూడా తూచి వైద్యులు నిర్ణయిస్తారు. ఒకే వయస్సుగల ఇద్దరు పిల్లలలో ఒకరికి కటకం అమర్చి, మరొకరికి అమర్చకపోవడాన్ని వివక్షగా చిత్రించడం తగదు.

ఇదే అధ్యయనంలోని పిల్లలను పదిన్నరేళ్ల వయస్సులో మరల పరీక్షించగా 25 శాతం మందికి 6/12 లేదా అంతకన్న మెరుగైన చూపు ఉండగా, 44 శాతం మందికి 6/60 లేదా అంతకు తక్కువ చూపు ఉన్నట్లు 2020లో ప్రకటించారు. ఒకే కంటిలో శుక్లం ఉన్న పిల్లలను గురించిన అంకెలివి. రెండు కళ్లలో శుక్లం ఉండి సకాలంలో చికిత్స పొందిన పిల్లలకు ఫలితం సాధారణంగా ఇంతకన్న మెరుగు. మంచి వైద్యశాలలు, క్రమం తప్పని పరీక్షలు ఉన్న చోటనే పరిస్థితి ఇట్లున్నప్పుడు, మధ్యలో చికిత్స ఆగిపోయిన బిడ్డ గతి ఏమిటన్నది ఊహించవచ్చును.

మెదడు నేర్చుకోవలసిన చూపు

పుట్టిన బిడ్డకు చూపు సిద్ధంగా ఉండదు. కన్ను పంపే స్పష్టమైన ప్రతిబింబాలను అందుకొంటూ మెదడు చూడటం నేర్చుకుంటుంది. మొదటి వారాలలోనే శుక్లం అడ్డుపడితే ఆ అభ్యాసం నిలిచిపోతుంది. దీనినే మందదృష్టి అంటారు, వాడుకలో సోమరి కన్ను అని కూడా చెబుతారు. ఒక కంటిలో దట్టమైన శుక్లం ఉన్నప్పుడు సుమారు ఆరు వారాల లోపు, రెండు కళ్లలోనూ ఉన్నప్పుడు సుమారు ఎనిమిది నుండి పది వారాల లోపు శస్త్రచికిత్స జరగాలని నిపుణులు చెప్పడానికి కారణమిదే. నాలుగు వారాలకన్న ముందుగా చేస్తే మత్తుమందు వలన, తరువాత గ్లాకోమా వలన ముప్పు పెరుగుతుంది గనుక ఆ గడువు చాలా ఇరుకైనది.

ఇక్కడ అధికారులు గమనించవలసిన అంశమొకటి ఉన్నది. నవజాత శిశువు ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లవలసిన రోజులు 3, 7, 14, 21, 28, 42. చివరి సందర్శన జరిగే 42వ రోజు సరిగా ఆరు వారాల గడువు ముగిసే రోజు. మొదటి పెంటావాలెంట్ టీకా కూడా ఆరు వారాలకే. అప్పటికి అనుమానం కలిగి, బిడ్డను సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు పంపి, పరీక్షలు, మత్తుమందుకు అర్హత నిర్ధారణ ముగిసేసరికి ఒంటికంటి శుక్లం విషయంలో కాలం మించిపోతుంది. కావున ప్రసవమైన ఆసుపత్రి నుండి ఇంటికి పంపేనాడే ఆఫ్తాల్మోస్కోపుతో రెండు కనుపాపలలో ఎర్రని వెలుగు సమంగా కనిపిస్తున్నదా అని చూడటం అత్యంతావశ్యకం. ఇది ఒక నిమిషం పని.

గ్రామాలలో వాడే మాటల వలన కూడా ఆలస్యం జరుగుతున్నది. కంటిలో తెల్లగా ఏది కనిపించినా 'పువ్వు' అంటారు. కార్నియా మీది మచ్చ పువ్వే, కనుపాప వెనుక శుక్లమూ పువ్వే, రెటీనాలో పుట్టే క్యాన్సర్ వలన కనుపాప తెల్లబడినా పువ్వే. మొదటిది పాత గాయం తాలూకు మచ్చ కావచ్చును. రెండవది అత్యవసరంగా చికిత్స చేయవలసినది. మూడవది ప్రాణాంతకం. పసిబిడ్డ కంటిలో పువ్వు అన్న మాట వినిపించినప్పుడు ఆకు పసరులు, తల్లిపాలు వేయనీయక, అదే వారంలో కంటి వైద్యునికి చూపించవలసి ఉన్నది.

శస్త్రచికిత్స తరువాత మందదృష్టిని సరిచేయడానికి మంచి కంటిని రోజుకు కొన్ని గంటలు మూసి ఉంచుతారు. పైన పేర్కొన్న అధ్యయనంలో ఎనిమిది నెలల వయస్సు వరకు నెలకు ఒక గంట చొప్పున, అనగా నాలుగు నెలల బిడ్డకు రోజుకు నాలుగు గంటలు, ఆ తరువాత మెలకువగా ఉండే సమయంలో సగం సేపు మూయవలసినదిగా నిర్దేశించారు. బిడ్డ ఏడుస్తుంది, అతుకును పీకివేస్తుంది. చూస్తున్న కంటిని మూసి చూడని కంటితో బిడ్డను బాధించడమేమిటని ఇంటి పెద్దలు తల్లిని మందలిస్తారు. నిజానికి మొత్తం చికిత్సలో అన్నిటికన్న కష్టమైన భాగం ఇదే, ఆపరేషన్ బల్ల మీది గంట కాదు. అయినప్పటికీ ఆసుపత్రి నుండి వచ్చే వార్తలలో దీని ప్రస్తావన కనిపించదు.

పెద్దవయస్సులో శస్త్రచికిత్స జరిగిన పిల్లల సంగతి వేరు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పవన్ సిన్హా నేతృత్వంలో ఉత్తర భారతంలో జరుగుతున్న ప్రాజెక్ట్ ప్రకాశ్ ద్వారా 8 నుండి 17 ఏళ్ల వయస్సులో చూపు పొందిన ఐదుగురిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. చేతితో తడిమిన వస్తువును శస్త్రచికిత్స జరిగిన వెంటనే చూపుతో గుర్తించమంటే వారు గుర్తించలేకపోయారు. కొద్ది దినాలలోనే ఆ శక్తి మెరుగుపడింది. ఇటువంటి పిల్లలలో అక్షరాల పట్టికపై చూపు పరిమితంగానే ఉండిపోయినా, వెలుగునీడల తేడాను పసిగట్టే శక్తి శస్త్రచికిత్స తరువాత పెరగవచ్చునని 2014లో అదే బృందం మరొక పత్రంలో తెలియజేసింది. ఆలస్యమైనదని బిడ్డను పూర్తిగా విడిచిపెట్టరాదనడానికి ఇది ఆధారం. కట్టు విప్పిన క్షణంలోనే తల్లి ముఖాన్ని గుర్తుపట్టినట్లు రాసే వార్తలను మాత్రం ఒకింత జాగ్రత్తగా పరిశీలించడం మంచిది.

రావచ్చునన్న ఇక్కట్లు

కృత్రిమ కటకాన్ని నిలిపి ఉంచే వెనుకటి పొర పిల్లలలో చాలా వేగంగా మసకబారుతుంది. అందుచేత చిన్నపిల్లలలో శస్త్రచికిత్స సమయంలోనే ఆ పొర నడుమ రంధ్రం చేసి, ముందువైపు విట్రియస్ ద్రవాన్ని కొంత తొలగిస్తారు. అయినా కొందరిలో మసక తిరిగి వస్తుంది. సహకరించే వయస్సు పిల్లలకు లేజరుతో, చిన్నవారికి మత్తుమందు ఇచ్చి దీనిని సరిచేస్తారు. శుక్లం మళ్లీ వచ్చిందని కుటుంబం అనుకునేది సాధారణంగా దీనినే.

గ్లాకోమా ఇంతకన్న ప్రమాదకరమైనది, ఎందుకనగా ఇది చడీచప్పుడు లేకుండా వస్తుంది. పై అధ్యయనంలో చికిత్స పొందిన కళ్లలో గ్లాకోమా ముప్పు ఏడాదికి 9 శాతం, ఐదేళ్లకు 17 శాతం, పదేళ్లకు 22 శాతంగా నమోదైనది. అంటే ఐదేళ్లు బాగున్న కన్ను ఆరవ ఏట చెడిపోవచ్చును. రెటీనా ఊడిపోవడం ఇంకా ఆలస్యంగా కూడా సంభవించవచ్చును. ఈ కారణాల వలన కంటి ఒత్తిడి పరీక్ష జీవితాంతం అవసరం. కన్ను ఎర్రబడటం, వెలుగు చూడలేకపోవడం, ఎడతెగని నీరు, నల్లగుడ్డు పెద్దదైనట్లు లేదా మసకబారినట్లు కనిపించడం, కనుపాప తెల్లబడటం, కొత్తగా మెల్లకన్ను రావడం, పుస్తకాన్ని మునుపటికన్న దగ్గరగా పట్టుకోవడం వంటివి కనిపిస్తే తదుపరి తేదీ కొరకు వేచి ఉండరాదు.

సాధారణంగా శస్త్రచికిత్స మరునాడు, వారానికి, నెలకు, ఆపైన ఐదేళ్ల వయస్సు వరకు ప్రతి రెండు మూడు నెలలకు, తరువాత ఆరు నెలలకొకసారి పరీక్షలు ఉంటాయి. ఇక్కడి కుటుంబాలకు ఇది హైదరాబాదు ప్రయాణాల చిట్టా. మెహదీపట్నం ప్రాంతంలోని ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి, సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ పేరిట నెలకొన్న ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలోని బాలల విభాగం ఈ చికిత్సకు ప్రధాన కేంద్రాలు. 2022లో మెదక్ పట్టణానికి రైలు వచ్చిన మీదట ప్రయాణం కొంత తేలికైనప్పటికీ, ఒకరోజు కూలి పోవడం తప్పదు. బిడ్డ చూపు బాగున్నట్లు కనిపించినప్పుడు మొదట ఆగిపోయేవి ఈ ప్రయాణాలే.

యంత్రాంగం చేయగలిగినది

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గుర్తించవలసిన పుట్టుకతో వచ్చే లోపాలలో పుట్టుశుక్లం ఒకటి. సంచార బృందాలు అంగన్‌వాడీలను ఏటా రెండుసార్లు, పాఠశాలలను ఒకసారి సందర్శించవలసి ఉన్నది. కొత్త కేసుల గుర్తింపుతో బాటు, ఇదివరకే శస్త్రచికిత్స జరిగిన పిల్లల పట్టికను మండలాల వారీగా తయారు చేసుకొని, ప్రతి సందర్శనలో చివరి పరీక్ష తేదీ, కళ్లద్దాల స్థితి, అతుకు గంటలు నమోదు చేసినట్లయితే తప్పిపోయిన పిల్లలు వెంటనే తేలుతారు. మండలానికి ఇటువంటి పిల్లలు కొద్దిమందే ఉంటారు గనుక ఇది భారమైన పని కాదు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లాలోని మల్కాపూర్‌లో ప్రారంభించబడిన కంటివెలుగు, 2023 జనవరి 18న ఖమ్మంలో ఆరంభమైన దాని రెండవ విడత ప్రజలను కంటి పరీక్షకు అలవాటు చేసినవి. అయితే పట్టిక చదవలేని పసిపిల్లల సమస్య అటువంటి శిబిరాలలో బయటపడటం కష్టం. వారికి టార్చి, ఆఫ్తాల్మోస్కోపు పరీక్షలే శరణ్యం. ఏడుపాయల జాతరలో ఏర్పాటు చేసే వైద్య శిబిరంలో ఈ పరికరంతో ఒక నేత్ర సహాయకుని కూర్చుండబెట్టడం యోచించదగిన విషయం.

నివారణ పాత్ర కూడా చిన్నది కాదు. మదురైలో 1990 దశకంలో 366 మంది పిల్లలపై జరిపిన అధ్యయనంలో ఏడాది లోపు శిశువుల శుక్లాలలో దాదాపు నాలుగవ వంతు గర్భంలో సోకిన రూబెల్లా వలన వచ్చినట్లు తేలింది. తెలుగు రాష్ట్రాలలో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుండి పదిహేనేళ్ల లోపు పిల్లలకు తట్టు, రూబెల్లా టీకాల ప్రచారం నిర్వహించబడింది. ప్రస్తుతం ఈ టీకా తొమ్మిది నెలలు నిండిన పిమ్మట మొదటి మోతాదుగా, 16 నుండి 24 నెలల నడుమ రెండవ మోతాదుగా ఇవ్వబడుతున్నది. వంశపారంపర్య శుక్లాలు కూడా ఉన్నందున, ఒక బిడ్డకు శుక్లం ఉన్నట్లు తేలితే తోబుట్టువుల కళ్లను సైతం పరీక్షించవలసి ఉన్నది.

పత్రికలలో తరచు కనిపించే రెండు ప్రయోగాలను గూర్చి ఒక మాట. 'చూపు తిరిగి వచ్చింది' అన్నది పుట్టుశుక్లం గల బిడ్డకు వర్తించదు, ఆ బిడ్డకు చూపు మునుపు లేదు. రెండవది 'ఆపరేషన్ వికటించింది' అన్న శీర్షిక. కళ్లద్దాల పవరు ప్లస్ నుండి మైనస్‌కు మారినదనో, పొర మసకబారినదనో మాత్రమే ఇట్లు రాసిన పక్షంలో, అది చదివిన మరొక కుటుంబం తమ బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికే వెనుకాడుతుంది. నిర్లక్ష్యం జరిగిన చోట తప్పక రాయవలసినదే. అందుకు ముందుగా శస్త్రచికిత్స నాటి వయస్సు, అప్పుడు ఉంచిన పవరు, చివరిసారి పరీక్ష జరిగిన తేదీ అడిగి తెలుసుకోవాలి. ఈ మూడు వివరాలను కుటుంబం వద్దనుండే ఆసుపత్రి కాగితాలలో వెదకి చూడవచ్చును.

అన్ని చికిత్సల అనంతరం కూడా చూపు తక్కువగా మిగిలిన పిల్లలకు సదరం శిబిరం ద్వారా వైకల్య ధ్రువపత్రం పొందవచ్చును. ముందు వరుసలో కూర్చుండబెట్టడం, పెద్ద అక్షరాల పుస్తకాలు, పరీక్షలో అదనపు సమయం వంటి సదుపాయాల కొరకు పాఠశాల ప్రధానోపాధ్యాయుని, మండలంలోని భవిత కేంద్రాన్ని సంప్రదించవలసి ఉంటుంది. బిడ్డ చూపు మారుతూ ఉంటుంది గనుక చిన్న వయస్సులో పొందిన ధ్రువపత్రం తాత్కాలికమైనదిగా ఉండవచ్చును. గడువు తీరిన పిదప దానిని మరల పరీక్ష జరిపించుకొని పొందవలసి ఉన్నది.